మాదయ్య చెప్పిన మాట

వాషర్‌మెన్‌పేట, మద్రాసు
1954 ఆగస్టు 9

అక్కయ్యకు,

బావగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఈ సంగతి పేపర్లో చూసి తెలుసుకునేకంటే నా చేతివ్రాతలో తెలియడం మేలని ఈ జాబు. నన్ను మేజిస్ట్రేటు పనిలోంచి తీసేశారు.

శుక్రవారం పదకొండు గంటలకు, కోర్టులో కూర్చుని ఉండగానే కవరు వచ్చింది. చించి చూస్తే మూడు వరుసలు. ప్రజాప్రయోజనం దృష్ట్యా నా సేవలు ఇక అవసరం లేదట. కారణమంటూ ఏమీ లేదు. ఎదురుగా బోనులో ఒక ముసలాయన తన తండ్రి పేరు చెబుతున్నాడు. ఆయన్ను సగంలో ఆపమని చెప్పి లేచి లోపలికి వెళ్ళాను. నా కోటు కొక్కేనికే ఉండిపోయింది, మర్నాడు ప్యూను తెచ్చి ఇచ్చాడు.

నీ మరదలు వాసవాంబ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వీధి తలుపు పక్కనున్న నా పేరు ఇత్తడి పలకను తనే విప్పి, కొంగుతో తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడ్చిందేమో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.

పేటలో ఒకటే మాట అనుకుంటున్నారు. పోయినేడు హార్బరు సమ్మెలో పట్టుకొచ్చిన పదిహేడుమంది కూలీలను నేను విడిచిపెట్టాను కదా, దానికి పైవాళ్ళు పగబట్టి ఇలా చేశారని. బాలసుందరం అని ఇక్కడ పార్టీ కార్యదర్శి ఒకడున్నాడు. నిన్న సాయంత్రం పూలదండ పట్టుకుని వచ్చాడు. “అయ్యా, మీరు ఉద్యోగం పోగొట్టుకోలా. తియాగం చేసినారు. ఈడ జనానికి తెలవదా?” అన్నాడు. అవునని నేను అనలేదు. కాదనీ అనలేదు. దండ మాత్రం వేయించుకున్నాను.

అసలు కారణం ఏమిటని నువ్వు అడుగుతావు. ఇప్పుడు అడగకు.

నీ తమ్ముడు
నాగలింగం

*

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
1954 ఆగస్టు 17

నాగూ,

నీ జాబు రెండుసార్లు చదివి మీ బావగారికి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీసి, “మనవాడు ఏ తప్పూ చేసి ఉండడు” అన్నారు. నేను అంతకంటే తక్కువ నమ్మకంగా ఏమీ లేను. కానీ నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని కనుక, నువ్వు ‘అడగకు’ అన్న చోటే ఏదో ఉందని నాకు తెలుసు. సరే, అడగను.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ బాలసుందరం దండ పట్టుకు తిరుగుతున్నాడని అతని వెంట పడిపోకు. నీకు చిన్నప్పటినుంచీ ఆత్రం ఎక్కువ. కోప్పడకు, నేనంటున్నది ఇక్కడి ఆత్రం, మన ఇంటి ఆత్రం కాదు. నీకీ కథ ఎప్పుడూ చెప్పలేదు కదూ. నేను కాపురానికి వచ్చిన మొదటి వారం, అన్నం వార్చబోయి చెయ్యి కాల్చుకున్నాను. మా అత్తగారు పదిమందిలో “ఈ పిల్లకు మహా ఆత్రం” అన్నది. నేను గదిలోకి పోయి ఒకటే ఏడుపు. మన పేటలో ఆత్రం అంటే కోపమే కదా, అరవవాళ్ళ మాట మనకు అంటుకుపోయి. నాయనకు ఆత్రం వచ్చిందంటే మనం మంచం కిందికి దూరేవాళ్ళం. నోరు విప్పి ఒక్క మాటైనా అనని నాకు ఈవిడ కోపిష్ఠిదని పేరు పెట్టిందే అని నా బాధ. సాయంత్రం మీ బావ వచ్చి, “పిచ్చిదానా, ఆత్రం అంటే తొందర” అని చెప్పి నవ్వితే గాని నాకు తెలియలేదు. తెలుగువాళ్ళ ఇంట్లో పుట్టి తెలుగు రాని కోడలినని ఇప్పటికీ నన్ను ఆట పట్టిస్తారు.

వాసవాంబను నాలుగు రోజులు ఇక్కడికి పంపు. నువ్వూ రా. ఉద్యోగం లేనివాడికి సెలవు అడగాల్సిన పని లేదు కదా!

అక్క
హైమ

*

వాషర్‌మెన్‌పేట, మద్రాసు
1955 మార్చి 2

అక్కయ్యకు,

ఆరు నెలలుగా సరిగా రాయలేదు. నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకు తగినవే.

నేను కార్పొరేషనుకు ఎన్నికయ్యాను. పోటీ చేసిన ముగ్గురిలో మిగతా ఇద్దరికంటే రెట్టింపు ఓట్లు వచ్చాయి. వకీలుగా మళ్ళీ కోటు వేసుకుందామనుకున్నాను గాని, నిన్నటిదాకా నా ముందు వంగి నిలబడ్డవాళ్ళ పక్కన కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లో కూర్చుంటే వాసవాంబ ముఖం చూడలేకపోయాను. అందుకని బాలసుందరం మాటకు సరేనన్నాను. ఇంతకంటే పెద్ద ఆలోచనేమీ లేదు.

మొదటి మీటింగు తొండియార్‌పేటలో పెట్టారు. హార్బరు కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు, రెండువేలమంది ఉంటారు. నేను విడుదల చేసిన పదిహేడుమందినీ వేదిక మీద వరసగా కూర్చోబెట్టారు. బాలసుందరం నన్ను చూపించి, ఈ పదిహేడుమంది కోసం తన కుర్చీ వదులుకున్న మనిషి ఇతనే అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. మోసెస్ అని ఒక ముసలి కూలీ నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కు తీసుకోవాలనిపించింది అక్కా. తీసుకోలేదు.

ఇప్పుడంతా అరవంలోనే మాట్లాడాలి. ఆంధ్రరాష్ట్రం వేరుపడ్డాక ఇక్కడ తెలుగులో ఓటు అడిగితే ముఖం చిట్లిస్తున్నారు. నాకేమీ కష్టం కాలేదు, మనం వీధిలో ఆడుకున్న భాషే కదా. గోడల మీద నా బొమ్మ కింద ‘ఇది ప్రజల ఆత్రం’ అని అరవంలో పెద్ద అక్షరాలు వేశారు. మీ నెల్లూరువాళ్ళు చూస్తే ప్రజలకు ఏదో తొందర పని ఉందనుకుంటారు!

వాసవాంబ ఇప్పుడు మాట్లాడుతున్నది. పాత పలక ఉన్నచోట కొత్తది కొట్టించింది.

నాగలింగం

*

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
1955 ఆగస్టు 21

నాగూ,

ఈ జాబు నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

మొన్న మంగళవారం ఒక ఆడమనిషి ఆకుకూరల గంప దించి మా అరుగు మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. నేను తోటకూర చూస్తుంటే, “అమ్మా, మదరాసులో జడ్జిగా చేసిన నాగలింగం శెట్టిగారు మీ తమ్ముడంట గదా?” అని అడిగింది. అవునన్నాను. “నేను కూర అమ్మను రాలా తల్లీ. నీ కోసరమే వచ్చినా. మీ తమ్ముడింటికి నాలుగుసార్లు పోతి. ఆ పార్టీ వోళ్ళు వాకిట్లోనే తరిమేసినారు. ఆ ఇంటి వంటామె పాప్పాత్తి జాలిపడి నీ అడ్రసు చెప్పింది” అన్నది. ఆమె పేరు మునియక్క. ఊరు కోవూరు పక్కన. మొగుడు మాదయ్య. ఇద్దరూ బతకడానికి మద్రాసు వెళ్ళి తొండియార్‌పేటలో ఉండేవాళ్ళట. అతను హార్బరులో మూటలు మోసేవాడు.

రెండేళ్ళ కిందట ఓడ సరుకు దించుతుండగా, క్రేనుకు వేలాడే మూటల వల జారబోయిందట. కింద మేస్త్రీ నిలబడి ఉన్నాడు. మాదయ్య పరిగెత్తి అతన్ని పక్కకు తోశాడు. మేస్త్రీ తూలి, గట్టుకూ ఓడకూ మధ్య సందులో పడి చచ్చిపోయాడు. వల పడలేదు. క్రేను మనిషి ఎలాగో ఆపాడు. ముందురోజే ఆ మేస్త్రీ అందరి ముందూ మాదయ్యను చెంపమీద కొట్టి ఉన్నాడు. దాంతో కావాలనే తోశాడన్నారు. పోలీసులు వాంగ్మూలం కోసం మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్ళారు. ఆ మేజిస్ట్రేటువు నువ్వే. ఆ వాంగ్మూలం మీద పై కోర్టు పదేళ్ళు వేసింది.

మునియక్క దగ్గర ఇంగ్లీషు కాయితం నకలు ఉంది. మా వీధి చివర వకీలు దగ్గరకు నేనే తీసుకెళ్ళి చదివించాను. ‘నేను అతన్ని కోపంతో తోశాను’ అని ఉంది. వినగానే ఆమె అడ్డుపడింది. “కోపం అనే మాటే మావోడు అనలా తల్లీ. జైల్లో చూడబోయినప్పుడల్లా చెప్తానే ఉండాడు. ‘ఆత్రంలో తోసినా’ అనే గదా చెప్పినా, ఎందుకే నాకింత శిచ్చ అని” అన్నది.

నా కాపురం కొత్తలోని ఆత్రం గుర్తొచ్చింది నాగూ. అక్కడే వకీలుగారి బల్ల పట్టుకుని కూర్చున్నాను. పై కోర్టులో అడిగితే అక్కడా అదే మాట చెప్పాడట, అక్కడ తర్జుమా చేసిన దుబాసీ అరవాయన.

వాంగ్మూలం రాసిన మేజిస్ట్రేటే ఆ మాటకు అర్థం పొరపాటుపడ్డానని ప్రమాణపత్రం ఇస్తే, గవర్నమెంటు శిక్ష రద్దు చేయవచ్చునని వకీలు అన్నాడు. ఇంకో దారి లేదన్నాడు.

ఇలా జరగలేదని రాయి. రాస్తే నమ్ముతాను.

హైమ

*

కౌన్సిలర్ కార్యాలయం, వాషర్‌మెన్‌పేట
1955 సెప్టెంబరు 1

సౌభాగ్యవతి హైమక్కయ్యగారికి,

మీ లేఖ అందినది. కోర్టు తీర్పైన విషయాలను గురించి పోస్టులో ఉత్తరప్రత్యుత్తరాలు నడపడం ఉభయులకూ క్షేమం కాదు. సదరు స్త్రీకి ఏమైనా మనవి ఉంటే జైలు అధికారుల ద్వారా చేసుకోవలసినది. ఆమెను ఇంటికి రానివ్వకండి. ఇటువంటివాళ్ళను ఎదుటి పార్టీలు పంపుతూ ఉంటాయి.

ఇక్కడ అందరూ కుశలం.

ఇట్లు
ఎస్. నాగలింగం

*

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
1955 సెప్టెంబరు 5

ఎస్. నాగలింగంగారికి,

నన్ను ‘మీరు’ అనడం ఎప్పుడు నేర్చుకున్నావు? నీ ముక్కు తుడిచిన చేత్తో రాస్తున్నాను, రెండే ప్రశ్నలు. చట్టం సంగతి నాకు తెలియదు, ఇవి చట్టం ప్రశ్నలు కావు.

అతను ఆత్రం అన్నప్పుడు నువ్వు ఏ ఆత్రం అనుకున్నావు?

రాసింది అతనికి చదివి వినిపించావా?

ఆమెను ఎదుటి పార్టీ పంపలేదు. వారానికి మూడు రోజులు కోవూరునుంచి గంప నెత్తిన పెట్టుకుని పెన్న వంతెన మీద నడిచి వస్తుంది. రానివ్వకండి అని ఇంకొకసారి రాశావంటే నీ జాబు విప్పకుండా తిప్పి పంపుతాను.

హైమ

*

వాషర్‌మెన్‌పేట, మద్రాసు
1955 సెప్టెంబరు 18

అక్కా,

పదిరోజులుగా నాలుగు జాబులు రాసి చించాను. ఇది చించకముందే పోస్టు చేయాలని పోస్టాఫీసులోనే నిలబడి రాస్తున్నాను.

మన ఇంటి ఆత్రమే అనుకున్నాను. ఇంకొక ఆత్రం ఉందని ఆ నిమిషంలో నాకు తోచనే లేదు. పుస్తకాల్లో చదివి ఉంటాను, తెలియదని అనను. కానీ చెవిన పడగానే నాకు నాయన చెయ్యి లేవడమే కనిపించింది. ఆ మనిషి నెల్లూరువాడని కాయితంలో ఉంది. ఒక్కసారి ‘ఆత్రం అంటే ఏమిటి?’ అని అడిగి ఉంటే అయిపోయేది.

అడగలేదు. ఆవేళ మా పెద్ద జడ్జిగారు రిటైరవుతున్నారని నాలుగున్నరకు టీ పార్టీ. నేను స్వాగతం చదవాలి. కారు కింద నిలబడి ఉంది. మాదయ్యను నాలుగు గంటలు దాటాక తెచ్చారు. ‘ఆత్రంలో తోసినా దొరా’ అన్నాడు. చాలు అన్నాను. ఇంగ్లీషులో రాశాను. కింద అచ్చులో ఒక వాక్యం ఉంటుంది, ఇది ముద్దాయికి చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొన్నాడు అని. దాని కింద సంతకం పెట్టాను. చదవలేదు. నేను సంతకం పెడుతుంటే అతను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు అక్కా. మూటలు అన్న మాట ఒకటి వినపడింది. కానిస్టేబులు అతన్ని తీసుకుపోయాడు. పార్టీకి నేను అయిదు నిమిషాలు ముందే చేరాను.

నన్ను తీసేసింది కూలీలను విడిచిపెట్టినందుకు కాదు. అలా చదవకుండా సంతకాలు పెట్టినవి రెండు వాంగ్మూలాలు వేరే కేసుల్లో బయటపడ్డాయి. రహస్య విచారణ జరిగింది. నా పాత సర్వీసు చూసి, కారణం రాయకుండా పంపించేశారు. మాదయ్యది ఆ రెండింటిలో లేదు. అది అడిగినవాళ్ళు లేరు, నేను చెప్పలేదు. వాసవాంబకు కూడా తెలియదు.

ఇప్పుడు ప్రమాణపత్రం ఇస్తే ఇదంతా అందులో రాయాలి. ఆ పదిహేడుమందీ, ఆ ముసలి మోసెస్, వాళ్ళందరి ముందూ నేను ఎవరిని? పార్టీ నాకు శాసనసభ సీటు ఇస్తానంటున్నది. 57లో ఎన్నికలు. అసెంబ్లీలో కూర్చున్నాక నా మాటకు బలం ఉంటుంది, మంత్రులను నేరుగా కలవవచ్చు. అప్పుడు రాసి ఇస్తాను. నాయన మీద ఒట్టు. ఎన్నికలు అయిన మర్నాడే.

ఈ జాబు చదివి పొయ్యిలో పెట్టు.

నాగు

*

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
1955 అక్టోబరు 3

నాగూ,

పొయ్యిలో పెట్టలేదు. పెట్టడానికి రెండుసార్లు వంటింట్లోకి పోయి తిరిగి వచ్చాను. నా పెళ్ళినాటి పెట్టెలో, చీరల కింద ఉంది. ఎవరికీ చూపించలేదు. మీ బావకు కూడా.

నువ్వు చేసింది చిన్న తప్పని నేను అనలేను. పెద్ద తప్పని అనాలన్నా నోరు రాదు, నువ్వు నాగువి. ఒట్టు వేశావు కనుక ఎన్నికలదాకా ఆగుతాను. ఆగుతున్నది నేను కాదు, జైల్లో ఉన్నవాడు ఆగుతున్నాడు, అది నువ్వు మరిచిపోవద్దు.

మునియక్కతో, “మా తమ్ముడు చూస్తున్నాడమ్మా, కొంచెం ఓపిక పట్టు” అన్నాను. ఆమె నా కాళ్ళమీద పడబోయింది. “నువ్వు చెప్తే చాలు తల్లీ, నాకింక బెంగ లేదు” అన్నది. ఆ రోజు తెచ్చిన గంపంతా మా వంటింట్లో కుమ్మరించి వెళ్ళింది, వద్దంటే వినలేదు. ఆ కూర నేను తినలేకపోయాను. ఆవుకు వేశాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

హైమ

*

టి. నగర్, మద్రాసు
1957 ఏప్రిల్ 10

అక్కయ్యకు,

నీ అభినందనల కార్డు అందింది. ఒక్క వాక్యమే రాశావు. అయినా అది వచ్చినందుకే సంతోషించాను.

అడ్రసు మారింది. పేటలో ఇంటికి రోజూ వందమంది రావడంతో వాసవాంబ అలిసిపోతున్నదని పాండీ బజారుకు దగ్గరగా ఇల్లు తీసుకున్నాము. ఇక్కడ వీధులు వెడల్పు, చెట్లు ఉన్నాయి. నాకు మాత్రం నిద్ర పట్టదు. పొద్దున్నే లేచి మనిషి ఎవరూ రాకముందు వరండాలో కూర్చుంటాను.

గెలిచిన మర్నాడే అని రాసింది నాకు గుర్తుంది. నువ్వు గుర్తుచేయకపోవడం నాకు మరీ కష్టంగా ఉంది. కానీ ఇప్పుడిప్పుడే సభ కూడుతున్నది. జైళ్ళ సందర్శకుల కమిటీలో నా పేరు వేస్తామని అన్నారు. ఆ పేరు వస్తే లోపలినుంచే పని సులువు. జూలైదాకా చూద్దాం. అతని శిక్ష ఎలాగూ ఈలోపు నడుస్తున్నది, సత్ప్రవర్తనకు కొంత తగ్గుతుంది కూడా. బాలసుందరం అంటాడు, రాజకీయాల్లో ఏ పనికైనా సమయం చూసుకోవాలని.

రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా పంపుతున్నాను.

నాగలింగం

*

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
1957 జూలై 8

నాగూ,

జూలై వచ్చింది.

మునియక్క మొన్న మద్రాసు పోయి మొగుణ్ణి చూసి వచ్చింది. ఎప్పుడూ వచ్చి కబుర్లన్నీ చెప్పే మనిషి, ఈసారి గంప దించి ఊరకే కూర్చుంది. ఏమమ్మా అంటే, “ఎన్నాళ్ళకొస్తానో అడగలేదు తల్లీ ఈ తూరి. ఇంట్లో ఆవు ఈనిందా అనీ అడగలా. అంతా అరవంలో మాట్లాడతాడు. నాకు సగం తెలవదు” అన్నది. నాలుగేళ్ళు దాటింది కదా అన్నాను.

నీ జాబు నా పెట్టెలో ఉంది. ఈ నెలాఖరులోపు నీ ప్రమాణపత్రం దాఖలు కాకపోతే, ఆ జాబు వకీలు చేతికి పోతుంది. బెదిరిస్తున్నాననుకో. నిన్ను బెదిరించాల్సి వచ్చినందుకు ఎంత ఏడ్చానో మీ బావను అడుగు.

హైమ

*

టి. నగర్, మద్రాసు
1957 సెప్టెంబరు 15

అక్కా,

జూలై ఇరవై తొమ్మిదిన ప్రమాణపత్రం ఇచ్చాను. ఏదీ దాచలేదు. ఆత్రం అన్న మాటకు రెండు అర్థాలనీ, నేను అడగలేదనీ, చదివి వినిపించలేదనీ, ఆపైన నన్ను తీసేసిన కారణమూ, అన్నీ రాశాను. వాసవాంబకు ముందురోజు చెప్పాను. ఆమె విని, “ఇది మూడేండ్ల ముందే చెప్పి ఉంటే నేను పలక బీరువాలో పెట్టేదాన్ని కాదు, చెరువులో వేసేదాన్ని” అన్నది. అంతే, వంట చేయడానికి వెళ్ళింది.

పేపర్లో వచ్చింది, చూసే ఉంటావు. పార్టీ వివరణ అడిగింది. బాలసుందరం రావడం మానేశాడు. మోసెస్ ఒక్కడే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నన్ను చూసి వెళ్ళిపోయాడు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. అది నాకు బరువుగా లేదు. బరువైన సంగతి వేరే ఉంది.

నా పత్రం జతచేసి మీ వీధి వకీలు పెట్టిన అర్జీ మీద గవర్నమెంటువారు ఒక ఆఫీసరును జైలుకు పంపారు, ముద్దాయిని స్వయంగా అడిగి రమ్మని. నన్నూ రమ్మన్నారు. తెలుగు బాగా తెలిసిన గుమాస్తాను కూడా తీసుకువచ్చారు. ఏ లోటూ చేయలేదు అక్కా, అందరూ శ్రద్ధగా ఉన్నారు.

మాదయ్యను తెచ్చారు. నేను గుర్తుపట్టలేదు, అతను నన్ను గుర్తుపట్టాడు. “నమస్కారం ఐయా, బాగుండారా?” అన్నాడు. జుట్టు సగం నెరిసింది. ఆఫీసరు అడిగాడు, మేస్త్రీని ఎందుకు తోశావని. “ఆత్రంలో తోసినా ఐయా” అన్నాడు. నేను ముందుకు వంగి, “మాదయ్యా, తొందరలోనా, కోపంలోనా? నిదానంగా చెప్పు” అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఇలా అన్నాడు. మాట మాట నాకు గుర్తుంది.

“కోపంలోనే ఐయా. ముందు నాడు నలుగురిలో నన్ను కొట్టినాడు గదా, కోపం లేకుండా ఉంటాదా? మూటలు మింద పడతాయని తోసినాననే మొదట్లో అనుకుంటా ఉంటి. మూటలు పడలా గదా. మీరు రాసినారు. పెద్ద కోర్టులో రాసినారు. ఇంతమంది సదువుకున్నోళ్ళు తప్పయి, నేనొక్కణ్ణే సరయినోణ్ణా? అయ్యన్నీ ఆలోచించి ఆలోచించి ఇప్పుడు నాకు తెలిసొచ్చింది. ఒప్పుకున్నోళ్ళకు కొంచెం తగ్గిస్తారని ఈడ చెప్పినారు. నేను ఒప్పుకుంటా ఉండా ఐయా.”

కాదు మాదయ్యా, నువ్వు అతన్ని కాపాడబోయావు అన్నాను. ఆఫీసరు నన్ను వారించాడు, ముద్దాయికి మాటలు అందించకూడదు కదా. మాదయ్య నన్ను చూసి జాలిగా నవ్వాడు. “పోనీండి ఐయా, నా కోసరం మీరు ఇంత అలిసిపోవద్దు” అన్నాడు. నేను ఎవరినో, ఏం చేశానో అంతా తెలిసే అన్నాడు.

అతను చెప్పింది తెలుగులోనే రాశారు. రెండుసార్లు చదివి వినిపించారు. సరేనని తల ఊపి వేలిముద్ర వేశాడు. ఏ దోషమూ లేని వాంగ్మూలం. నిన్న అర్జీ కొట్టేశారు. ముద్దాయే కోపంతో తోశానని చెబుతున్నప్పుడు పాత మేజిస్ట్రేటు మాటకు విలువ లేదన్నారు.

55లో నువ్వు అడిగినప్పుడు నేను రాసి ఇచ్చి ఉంటే, అతను అప్పుడింకా తన మాట మీదే ఉన్నాడు. మునియక్కకు జైల్లో ప్రతిసారీ చెప్పేవాడు కదా. నేను అతని కాలాన్ని తిన్నాననుకున్నాను. అంతకంటే ఎక్కువ తిన్నాను.

అక్కా, మునియక్కకు ఈ సంగతి నువ్వు చెప్పు. నాకు శక్తి లేదు.

నాగు

*

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
1957 సెప్టెంబరు 19

నాగూ,

చదివాను. పూజ గదిలో కూర్చుని ఏడ్చాను. నీ కోసమూ ఏడ్చాను, దాచను. రెండేళ్ళు ఆ జాబు చీరల కింద పెట్టుకుని, ఆమెతో కూర బేరం చేసినదాన్ని నేను. నీ పాపంలో నా వాటా నాకుంది.

కానీ నేను చెప్పను. నిన్న ఆమె వచ్చింది. నువ్వు ప్రమాణపత్రం ఇచ్చావని వకీలు చెప్పాడట, అక్కడివరకే ఆమెకు తెలుసు, కొట్టేసిన సంగతి తెలియదు. “మీ తమ్ముడు దేవుడు తల్లీ” అని నా చేతులు పట్టుకున్నది.

పొద్దున రైలెక్కు. మా ఇంటికి రావద్దు, నేరుగా కోవూరు పో. ఊరవతల మాలపల్లెలో మొదటి వరసలో మూడో ఇల్లు. కనుక్కోవడం కష్టం కాదు, ఆ వరసలో తెల్లగా ఉన్నది అదొక్కటే. మాదయ్య దసరాకు వస్తాడని ఆమె ఇంటికి సున్నం వేసుకుంటున్నది. ముందు గోడ అయింది, ఇంకా మూడు గోడలున్నాయి. అవి కూడా వేసుకోకముందే పోయి చెప్పు.

అక్క
హైమ